మాటులో ఒక శనివారం

శనివారం, రాత్రి పది దాటింది.

నడుము పట్టేసింది. ఎంత కడిగినా చేతుల రబ్బరు వాసన పోలేదు. అయినా ఇవాళే రాసేయాలి, రేపటికి సగం మర్చిపోతాను.

మావాడికి పదహారు నిండాయి. అమెరికాలో పదహారేళ్లు వచ్చినవాళ్లు బాతుల వేటకు వెళ్లాలంటే రాష్ట్రం ఇచ్చే లైసెన్సుతో పాటు, కేంద్ర ప్రభుత్వం అమ్మే బాతు బొమ్మ స్టాంపు, అంటే ఫెడరల్ డక్ స్టాంపు కూడా ఉండాలి. కాగితం స్టాంపయితే కొనుక్కుంటే సరిపోదు, దాని మీద సిరాతో సంతకం పెడితేనే చెల్లుతుంది. అంత అందమైన బొమ్మ మీద గీతలు గీయడానికి మావాడికి మనసొప్పలేదు. నిన్న రాత్రి పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుని, చివరికి బాతు ముక్కు తప్పించి సంతకం పెట్టాడు.

తీసుకెళ్లింది నా స్నేహితుడు. వెంట వాళ్ల నాన్న, వాళ్లబ్బాయి. ఆ అబ్బాయీ మావాడూ ఒకే క్లాసు. పెద్దాయన ఇప్పుడు తుపాకి పట్టడు, బాతులా కూసే గొట్టం ఊది వాటిని పిలవడమే ఆయన పని. ఆయన దగ్గర పాత స్టాంపుల ఆల్బమ్ ఒకటుంది. 1934లో వచ్చిన మొదటి స్టాంపు వెల ఒక డాలరు, బొమ్మ గీసింది డింగ్ డార్లింగ్ అనే పత్రికా కార్టూనిస్టు. ఆ అమ్మకాల డబ్బుతోనే అప్పట్నుంచీ చిత్తడి నేలలు కొని కాపాడుతున్నారు. కాల్చేవాళ్ల డబ్బుతో బాతులకు నీళ్లూ నేలా కొనిపెట్టడమేమిటని మొదట్లో నాకు వింతగా ఉండేది. ఇప్పుడు ఆ లెక్క సబబుగానే అనిపిస్తోంది. మా ఆవిడకు మాత్రం ఇప్పటికీ అనిపించడం లేదు!

చీకట్లోనే నీళ్లలోకి దిగాం. బాతులు గాలికి ఎదురుగా వాలతాయి కాబట్టి గాలి మన వీపుకు తగిలేలా మాటు వేసుకోవాలి. బొమ్మ బాతుల్ని రెండు గుంపులుగా వదిలి మధ్యలో వాలడానికి చోటు ఉంచాలి. పిల్లలిద్దరూ ఆ పనిలో తలమునకలుగా ఉంటే పెద్దాయన గట్టు మీంచి చేత్తో చూపిస్తున్నాడు, ఇంకాస్త ఎడమకు, ఇంకాస్త. ఆయన మాట పడనివ్వకుండా నా స్నేహితుడు వేరే చోటు చెప్తున్నాడు. పిల్లలు తాత మాటే విన్నారు.

సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కాల్చవచ్చు. కానీ ఆ మసక వెలుతురులో ఏది మగదో ఏది ఆడదో తెలియదు. మల్లార్డు అనే జాతి బాతుల్లో మగదాని ఆకుపచ్చ తల కూడా అప్పుడు నల్లగానే కనిపిస్తుంది. గొంతే గుర్తు. గట్టిగా క్వాక్‌మని అరిచేది ఆడది, మగదాని గొంతు బొంగురు. ఏళ్ల తరబడి చెవి పక్కన తుపాకులు పేలి పేలి పెద్దాయనకు ఆ తేడా వినపడదు. అందుకే ఆయన ఆకాశం వంక చూడడు, కుక్కను చూస్తాడు. అది ముందు చెవులు రిక్కిస్తుంది, తర్వాత తల ఎటు తిప్పితే బాతులు అటు నుంచి వస్తున్నట్టు. ఆయన వెంటనే కూత అందుకుంటాడు. తను వినలేని ఆడబాతు గొంతు ఆయన ఊదుడులో అచ్చంగా పలుకుతుంది. మెడలోని తాడుకు ఆ గొట్టంతో పాటు అల్యూమినియం రింగులు వేలాడుతున్నాయి. అవి శాస్త్రవేత్తలు పక్షుల కాళ్లకు తొడిగినవి. రింగు మీది నంబరు తెలియజేస్తే ఆ పక్షికి ఎక్కడ, ఎప్పుడు తొడిగారో తిరిగి చెప్తారట. మావాడు వాటిని ఒక్కొక్కటే తిప్పి చదివాడు.

ఒక జంట బాగా దగ్గరికొచ్చింది. మావాడు తుపాకి ఎత్తాడు. "ముందున్నది ఆడది, తాతా" అన్నాడు స్నేహితుడి కొడుకు. పెద్దాయన అరచెయ్యి కిందికి దించాడు. మావాడు కూడా తుపాకి దించేశాడు. ఆ రెండో బాతు కూడా ఆడదాన్ని అంటిపెట్టుకునే ఎగిరిపోయింది. మా వైపు రోజుకు మొత్తం ఆరు బాతులు, అందులో ఆడ మల్లార్డులు రెండు దాటకూడదు. చట్టం రెండింటికి ఒప్పుకున్నా ఆ ఇంట్లో ఒక్కదానికీ ఒప్పుకోరు.

పెద్దాయన పాత తుపాకి ఇంట్లోనే ఉంటోంది. నీటి అడుగున పడిన సీసపు గుళ్లను బాతులు గులకరాళ్లతో పాటు మింగి విషమెక్కి చచ్చిపోయేవి. వాటిని తిన్న గద్దలదీ అదే గతి. అందుకని 1991 నుంచి దేశమంతటా నీటిపక్షుల వేటలో సీసం నిషేధించారు. ఇప్పుడు వాడే ఉక్కు గుళ్లు ఆ పాత గొట్టానికి పడవు. పైగా ఉక్కు తేలిక, దూరం వెళ్లేకొద్దీ ఊపు తగ్గిపోతుంది. కాబట్టి బాతుల్ని బాగా దగ్గరికి రానివ్వాలి. "మా కాలంలో దూరం నుంచి కొట్టి గొప్పలు చెప్పుకునేవాళ్లం. వీళ్లకు ఓపిక నేర్పింది ఉక్కే" అన్నాడాయన. కొడుకు ఒప్పుకోలేదు. తన నాన్న ఆ రోజుల్లో గాయపడ్డ బాతు కోసం సాయంత్రం దాకా రెల్లులో వెతకడం తనకు గుర్తుందన్నాడు. పెద్దాయనకు అది వినపడిందో లేదో తెలియదు, కుక్క వీపు నిమురుతూ ఉండిపోయాడు.

మొత్తానికి మావాడికి ఒక మగబాతు దక్కింది. కుక్క తెచ్చి చేతిలో పెడితే వాడు నవ్వలేదు, గొప్పలకు పోలేదు. నీలం రంగు అద్దిన రెక్క విప్పి, దానికి రెండు వైపులా ఉన్న తెల్ల చారలు వేలితో తడుముతూ నిలబడ్డాడు. నేనూ ఏమీ అనలేదు.

ఇంటికి చేరేదాకా ఏ బాతో గుర్తుపట్టేందుకు ఒక రెక్కనో తలనో కోయకుండా దాని ఒంటికే ఉంచాలి, అది రూలు. ఈకలు పీకే పని నాకు పడింది. గరాజులో రెండు గంటలు కూర్చున్నాను. సన్నటి నూగు ముక్కులోకీ టీ కప్పులోకీ పోయింది. ఆ రెక్కను మావాడు పారేయనివ్వలేదు. ఉప్పు రాసి ఆరబెడతాడట.

"ఏమండీ, ఆ రెక్క నా వంటింట్లోకి రాకూడదు" అంది మా ఆవిడ. గరాజులో గూడు ఖాళీ చేశాం. వాడు వచ్చే శనివారం కూడా వెళ్తానంటున్నాడు, సోమవారం లెక్కల పరీక్ష సంగతి ఇంకా తేలలేదు.