వంటింట్లో నా మొదటి ఓటు కత్తికే

ఈరోజు కత్తికి పదును పెట్టి ఉల్లిపాయలు తరిగాను. చెయ్యి ఎంత హాయిగా కదిలిందో! వంటింట్లో ఒక్క వస్తువు మీదే శ్రద్ధ పెట్టమంటే నేను కత్తినే ఎంచుకుంటాను. మొద్దు కత్తిని బలంగా నొక్కాలి, జారిందంటే వేలు తెగుతుంది. పైగా ఉల్లిపాయ నలిగి, కళ్ళు మండించే ఘాటు ఎక్కువగా బయటికొస్తుంది. పదునుంటే పొరలు తెగుతాయి, నలగవు.

వేయించేటప్పుడు మాత్రం తొందరపడకండి. మొదట్లో ఉల్లిపాయల్లోని నీరే ఆవిరవుతూ ఉంటుంది. ఆ తడి ఉన్నంతసేపూ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. చక్కగా ఎర్రబడాలంటే దాదాపు 140 డిగ్రీలు కావాలి. అందుకే బాణలి నిండా ఒకేసారి పోస్తే ఉడుకుతాయే తప్ప వేగవు. చిటికెడు ఉప్పు వేస్తే నీరు త్వరగా వదిలి మెత్తబడతాయి. చుయ్యిమనే శబ్దం మారి, అంచులు బంగారు రంగుకి తిరిగే ఆ కాస్త సమయం నాకు చాలా ఇష్టం, పొయ్యి దగ్గర నుంచి కదలబుద్ధి కాదు.

అడుగున గోధుమ రంగు పొర పట్టిందా? టెన్షన్ వద్దు. మాడి నల్లబడక ముందే రెండు చెంచాల నీళ్ళు చల్లి గరిటెతో గీకండి. ఆ రుచంతా కూరలోకే వస్తుంది.