బ్రాకెట్టు లోపలి క్లోరిన్

"జబ్బును దాచిపెట్టడం కూడా మోసమే" అని మా విభాగాధికారి ఇద్దరు తోటివాళ్ళ ఎదుట నాతో అన్న రోజున నేను బదులు చెప్పలేదు గాని, నాలుగు నెలలైనా ఆ మాట నన్ను వదలడం లేదు. ఇంగ్లండులో ప్లాటినం శుద్ధిచేసే కర్మాగారంలో నేను చేరి అప్పటికి రెండేళ్ళు. మూడు వారాలుగా పనిలో ఉన్నంతసేపూ తుమ్ములు, కళ్ళ వెంట నీళ్ళు, సాయంత్రానికి ఛాతీలో పిల్లికూతలు. ఆదివారం ఇంట్లో ఉంటే మాత్రం ఏమీ ఉండేది కాదు. చలిదేశంలో పడిశం మామూలేననుకొని, అమ్మ ఫోనులో చెప్పిన శొంఠి కషాయం తాగి పనికి పోయేవాణ్ణి. పక్కన పనిచేసే మనిషి వెళ్ళి చెబితేగాని మా విభాగాధికారిణికి ఈ సంగతి తెలియలేదు.

మోసమనే మాట నాకు ముల్లులా గుచ్చుకొంది. ఒంట్లో బాగాలేకపోయినా పనికి వచ్చేవాణ్ణి మన వైపు నమ్మకస్థుడంటారు. తుమ్ము వచ్చిందని యజమానికి కబురు పంపేవాణ్ణి పని ఎగ్గొట్టేవాడంటారు. నేను సెలవు అడగలేదు, జీతం పెంచమనలేదు, పని చెడగొట్టలేదు. ఓర్చుకొన్నందుకు మోసగాణ్ణి ఎలా అయ్యానని వారం రోజులు నాలో నేనే వాదించుకొన్నాను. ఆమె కోపమంతా జబ్బు చేస్తే చెప్పాలనే తమ నిబంధన తప్పినందుకేనని, నా మీద అక్కరతో కాదని కూడా అనుకొన్నాను. ఆ అనుమానం తప్పని కంపెనీ వైద్యుడి గదిలో తెలిసింది.

నేను చూసేది శుద్ధిలో చివరి దశల్లో ఒకటి. వాడి పారేసిన కార్లలో పొగను శుభ్రపరిచే ఉత్ప్రేరకాల నుంచి, పాత నగల నుంచి వచ్చిన ప్లాటినం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో క్లోరిన్ సాయంతో కరిగి నారింజరంగు ద్రావణమవుతుంది. అందులో అమ్మోనియం క్లోరైడు, అంటే మన కంసాలులు వాడే నవాసాగరమే, వేస్తే పసుపుపచ్చని అవక్షేపం దిగుతుంది. దాన్ని వడగట్టి, ఆరబెట్టి, కొలిమిలో కాలిస్తే బూడిదరంగు స్పాంజి ప్లాటినం మిగులుతుంది. చూడటానికి గంధపు పొడిలా ఉండే ఆ పసుపు లవణమే నా ఊపిరికి అడ్డుపడింది. ముంజేతి మీద దాని పలచని ద్రావణం ఒక చుక్క వేసి సూదితో తాకిస్తే, పావుగంటలో దోమకుట్టినట్లు దద్దురు లేచింది. నాకు అలర్జీ స్థిరపడిందని, ఇక ఈ లవణాల దగ్గరికి ఎప్పటికీ పోరాదని వైద్యుడు చెప్పాడు.

ఆమె కూడా ఆ గదిలోనే ఉంది. కాగితం తీసుకొని రెండు ఫార్ములాలు రాసింది. మొదటిదాంట్లో చదరపు బ్రాకెట్టు లోపల ప్లాటినం చుట్టూ ఆరు క్లోరిన్లు ఉన్నాయి. రెండోదాంట్లో బ్రాకెట్టు లోపల నాలుగు అమ్మోనియాలున్నాయి, క్లోరిన్లు రెండూ బయట ఉన్నాయి. "మొదటిది మనుషులకు ఉబ్బసం తెస్తుంది, రెండోది తేదు" అంది. లోహం అదే, క్లోరిన్ అదే. బ్రాకెట్టు లోపలిది, అంటే ప్లాటినానికి నేరుగా అతుక్కొన్న క్లోరిన్, స్థానం వదిలిపెడితే, శరీరంలోని ప్రోటీన్లు ఆ ఖాళీలో లోహాన్ని పట్టుకొంటాయని, అలా తయారైనదాన్ని దేహం పరాయిదిగా గుర్తిస్తుందని శాస్త్రజ్ఞుల అవగాహన. అమ్మోనియాలు అంత సులువుగా చోటు వదలవు. వేలికి పెట్టుకొన్న ప్లాటినం ఉంగరం ఎవరినీ తుమ్మించకపోవడానికి కారణం కూడా ఇటువంటిదే, ఊడిపోవడానికి దాని మీద క్లోరిన్ లేదు.

ఈ లోపల, బయట అనే తేడాను 1893లో ఆల్ఫ్రెడ్ వెర్నర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించాడని, దానికే 1913లో నోబెల్ బహుమతి వచ్చిందని కావలిలో డిగ్రీ చదివినప్పుడు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకొన్నాను. సిల్వర్ నైట్రేట్ వేస్తే బ్రాకెట్టు బయటి క్లోరిన్ వెంటనే తెల్లగా విరిగి దిగుతుందని, లోపలిది అంత తేలిగ్గా దొరకదని కూడా రాశాను. ఆ బ్రాకెట్టుకు నా ఊపిరితిత్తులతో సంబంధముంటుందని నాకు తోచలేదు.

ఈ కర్మాగారాలవాళ్ళకు ఈ జాగ్రత్త పుట్టుకతో వచ్చిందేమీ కాదని మాత్రం చెప్పాలి. 1945లో డోనాల్డ్ హంటర్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఇక్కడి ప్లాటినం శుద్ధి కార్మికులను 91 మందిని పరీక్షిస్తే 52 మందికి ఈ బాధ ఉందని తేలింది. గాలిలో కరిగే ప్లాటినం లవణాలు ఘనపు మీటరుకు 2 మైక్రోగ్రాములు మించరాదనే ఇప్పటి హద్దు వెనుక అటువంటివాళ్ళ దగ్గు ఉంది. వాళ్ళు దగ్గు దాచుకొని ఉంటే ఆ లెక్క తేలేది కాదు. ఆమె మోసమన్నది దీన్నేనని నాకు ఆలస్యంగా అర్థమైంది. అయినా ఆ మాటను ఇద్దరి ఎదుట అనకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనుకొంటాను.

జీతం తగ్గించకుండా నన్ను వెండి విభాగానికి మార్చారు. అక్కడ మొదటిరోజు నైట్రిక్ ఆమ్లం వాసన తగలగానే నెల్లూరు ఆచారి వీధి గుర్తుకొచ్చింది. మా నాయన కంసాలి. ఒక వంతు పాత బంగారానికి మూడు వంతుల వెండి కలిపి కరిగించి, నైట్రిక్ ఆమ్లంలో వేసి వెండిని విడదీస్తాడు. ఆ నీళ్ళలో ఉప్పు వేస్తే వెండి పెరుగులా విరుగుతుందని వెర్నర్ పేరు వినకుండానే ఎరిగినవాడు. ఒరగల్లు మీద గీసిన గీతను చూసి బంగారం ఎంత మేలిమిదో చెప్పగలడు. ఆయన పనితనం ముందు నా డిగ్రీలు చిన్నవేనని ఇప్పటికీ నమ్ముతాను. కాని కిటికీ లేని ఆ వెనక గదిలో, గోధుమరంగు పొగల మధ్య ఆయన ఏళ్ళ తరబడి కూర్చొన్నాడు. ఊపిరెలా ఉందని అడిగినవాళ్ళు లేరు, నాతో సహా.

ఆ రాత్రి ఫోను చేసి దగ్గు ఎప్పటినుంచని అడిగాను.

"అది పనితోపాటు వచ్చేదే అబ్బయ్యా, దాన్ని దగ్గంటారా" అన్నాడు.

వదలకుండా అడిగితే కాసేపు లెక్కవేసుకొని, నా పదో తరగతి పరీక్షలప్పటినుంచి అన్నాడు. అంటే 15 ఏళ్ళు. ద్రావకం కుండను మిద్దె మీదికి మార్చమన్నాను, గాలికి పొడి ఎగిరిపోతుందన్నాడు. సంక్రాంతికి వచ్చి గదికి గాలి లాగే ఫ్యాను పెట్టిస్తానని, ఆస్పత్రికి తీసుకుపోతానని చెప్పాను. పండగ ముందు పని ఎక్కువని, కనుమ దాటాక చూద్దామని అన్నాడు. నేను కనుమ తర్వాత ఇంకో వారం కలిపి సెలవు రాశాను.