పిల్లలకు సంఘాన్ని అప్పగించడం

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందిన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారి మాతృభాష తెలుగు కాదు. తిరునల్వేలి ప్రాంతపు తమిళ పల్లెలో పుట్టి, పెద్దయిన తరువాత తెలుగు నేర్చుకుని, 1945లో కన్నుమూసేవరకు తెలుగు ప్రాంతంలోని డోర్నకల్ అధ్యక్ష మండలాన్ని, అంటే ఒక బిషప్పు కింద ఉండే సంఘాలన్నిటినీ, ఆయన నడిపించారు. అమెరికాలో పిల్లలను పెంచుతున్న తెలుగు క్రైస్తవ తల్లిగా నేను ఆయనను తరచూ తలుచుకుంటాను. తెలుగు తడబడే మన పిల్లలు రేపు తెలుగు సంఘాన్ని ఏం నడిపిస్తారని పెద్దలు దిగులుపడినప్పుడల్లా ఆయన పేరే చెబుతాను.

బాప్తిస్మం పొందేవారి చేత అజరయ్యగారు తలపై చేయి పెట్టించి, "నేను సువార్తను ప్రకటింపక పోయినయెడల నాకు శ్రమ" అన్న బైబిలులోని అపొస్తలుడు పౌలు మాటను పలికించేవారు. అక్షరం రాని కూలీకి సైతం మొదటిరోజే తన విశ్వాసాన్ని ఇతరులకు చెప్పే సాక్ష్యపు బాధ్యత అందేది. అర్హత వచ్చాక ఇద్దామని ఎవరినీ కూర్చోబెట్టలేదు. అంతకుముందు, 1910లో ఎడింబరో మిషనరీ మహాసభలో, విదేశీ మిషనరీల త్యాగాలను మనసారా ఒప్పుకుంటూనే, మాకు స్నేహితులను కూడా ఇవ్వండని ఆయన అడిగారు. సేవ చేసేవారు, సేవ అందుకునేవారు ఒకే వరుసలో కూర్చోవాలన్నది ఆయన కోరిక. ఆ విన్నపం ఇప్పుడు నాకు మన పిల్లల గొంతుల్లో వినిపిస్తోంది. వారికోసం మనం దేశం మారాం, రాత్రీపగలూ కష్టపడ్డాం, క్యాంపులకు పంపాం, సండే స్కూలు పెట్టాం. సంఘ కమిటీలో మన పక్కన కుర్చీ మాత్రం వేయలేదు.

మా సంఘం ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి హాలులో కూడుకుంటుంది. క్రిస్మస్ నాటికలు, పాటలు, ప్రొజెక్టర్ పనులు పిల్లలవి. కానుకల లెక్కలు, సహాయ నిర్ణయాలు పెద్దలవి. గత ఏడాది యవ్వనస్థులు క్రిస్మస్ విందు ఖర్చు తగ్గించి, మా ఊరికి కొత్తగా వచ్చిన ఒక శరణార్థి కుటుంబానికి ఇంటి అద్దె కడదామని ప్రతిపాదించారు. చుట్టాలందరూ వచ్చే పండుగకు విందు తగ్గితే ఎలాగని పెద్దలు చాలాసేపు వాదించి, చివరకు సరేనన్నారు. ఆ కుటుంబంతో మాట్లాడటం, చెక్కు రాయించడం, సంఘానికి లెక్క చెప్పడం పిల్లలే చేశారు. ప్రసంగ సమయంలో ఫోను చూసుకునే మా అబ్బాయి ఆ లెక్క చెప్పడానికి ముందురోజు రాత్రంతా తెలుగు వాక్యాలు రాసుకుని, వాళ్ల అమ్మమ్మకు ఫోనులో చదివి వినిపించి దిద్దించుకున్నాడు. బాధ్యత చేతికొచ్చినప్పుడు భాష కోసం పిల్లలే వెతుక్కుంటారని నాకు అప్పుడు నమ్మకం కుదిరింది.

బైబిలులో పౌలుకు తోడుగా పనిచేసిన యువకుడు తిమోతి తల్లి యూదురాలు, తండ్రి గ్రీసు దేశస్థుడు. అవ్వ లోయి, తల్లి యునీకే ఇంట్లో నాటిన విశ్వాసాన్ని చూసే పౌలు అతనికి చిన్న వయసులోనే సంఘాలను అప్పగించాడు. ఇంట్లో కుటుంబ ప్రార్థన, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు మానకూడదని నేను పట్టుబట్టేది అందుకే. అయితే ఇంట్లో నాటినది సంఘంలో ఎదగడానికి చోటు కావాలి. వచ్చే ఏడాది కమిటీలో ఇద్దరు యవ్వనస్థులకు ఓటు హక్కుతో స్థానం ఇవ్వాలని, సహాయ నిధి లెక్కలు వారికే అప్పగించాలని మా పెద్దలను కోరాను. వారు తప్పు చేస్తే సరిదిద్దడానికి మనం ఇంకా పక్కనే ఉన్న ఈ రోజుల్లోనే ఆ పని జరగాలి.