పాలిసేడ్ లావెండర్ తోటలో

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్ నుంచి ఐ-70 హైవే మీద పడమరగా సుమారు నాలుగు గంటలు వెళ్తే పాలిసేడ్ అనే చిన్న ఊరు వస్తుంది. దారిలో 11 వేల అడుగుల ఎత్తున ఐసెన్‌హోవర్ సొరంగం దాటాలి. జూలైలో కూడా అక్కడి శిఖరాల మీద మంచు చారలు కనిపించాయి. కొలరాడో నది వెంట కిందికి దిగేసరికి చెట్లు పలచబడి, ఎండిన మట్టిరంగు కొండలు మొదలయ్యాయి. పాలిసేడ్ అనగానే ఇక్కడివాళ్లు పీచ్ పళ్లే తలుచుకుంటారు. అమ్మా నేనూ వెళ్లింది మాత్రం లావెండర్ కోసం.

తోటలో కోతలు సాగుతున్నాయి. తేనెటీగలు తమ పని తాము చేసుకుంటుంటే, మనుషులు చిన్న కొడవళ్లతో పూలకాడలు కోసి కట్టలు కడుతున్నారు. ఆ కొడవళ్లను చూడగానే అమ్మకు హుషారొచ్చింది. నాకేమో ఒకటే సందేహం: ఇక్కడి చలికాలాన్ని ఈ మొక్కలు ఎలా తట్టుకుంటాయి?

తోట చూసుకునే ఆమె వంగి గుప్పెడు మట్టి తీసి చూపించింది. అంతా గులకరాళ్లే. హిడ్‌కోట్, మన్‌స్టెడ్ లాంటి ఇంగ్లిష్ లావెండర్ రకాలు మైనస్ 25 డిగ్రీల సెల్సియస్ చలికీ నిలబడతాయట. వాటిని చంపేది చలి కాదు, వేళ్ల దగ్గర నిలిచే తడి. అందుకే మొక్కల్ని గట్ల మీద నాటి, మొదళ్ల చుట్టూ చెక్కపొట్టుకు బదులు కంకర పరిచారు. ఎరువు దాదాపు వెయ్యరు. మంచు దుప్పటిలా కప్పేస్తే ఇంకా మేలు. మంచు లేకుండా పొడి గాలులు వీచే వారాలకే టెన్షన్ పడాలి. అప్పుడు కాస్త వెచ్చగా ఉన్న రోజు చూసి నెలకోసారి నీళ్లు పెట్టాలి. స్పానిష్ లావెండర్ ఎంత ముచ్చటగా ఉన్నా ఈ చలికి ఆగదు. నర్సరీలో లేబుల్ చదవకుండా కొనకూడదని నాకు అక్కడే గట్టిగా అనిపించింది.

గట్టు చివర రష్యన్ సేజ్ అనే పూలపొద నడుమెత్తు పెరిగి, అప్పుడప్పుడే నీలంగా పూస్తోంది. అమ్మ ఆ వెండిరంగు ఆకు తుంచి నలిపింది. "చూడ్డానికి అచ్చం దవనమేనే! వాసనే వేరు." దీని పుట్టిల్లు అఫ్గానిస్తాన్ నుంచి టిబెట్ దాకా ఉన్న ఎండు కొండలు. కాబట్టి కొలరాడో దీనికి కొత్తేం కాదు. లావెండర్ కంటే ఇదే మొండిదని నాకనిపించింది. ఎండిన కొమ్మల్ని చలికాలమంతా అలాగే వదిలేసి, వసంతంలో కింద మొగ్గలు కనిపించాక అర అడుగు ఉంచి కత్తిరిస్తే మళ్లీ గుబురుగా లేస్తుంది. లావెండర్‌ను అలా కోయకూడదు. ఆకుల్లేని ముదురు కొమ్మ దాకా కోస్తే చాలావరకు మళ్లీ చిగురించదు.

తిరుగు ప్రయాణంలో అమ్మ మా పెరట్లో చోటు ఖాయం చేసేసింది. పైకప్పు మంచు కరిగి కారే వైపు కాదట, రోజంతా ఎండ పడే దక్షిణం గోడ పక్కన. మాది బంకమట్టి, ముందు గట్టు పొయ్యాలి. మే నెలలో నాటితే గడ్డకట్టే చలి వచ్చేలోపు వేళ్లు పట్టుకుంటాయి.