భద్రాచలం నుంచి అమెజాన్ దాకా: నా జాగ్రఫీ ప్రిపరేషన్

రెండో అటెంప్ట్‌లో కూడా సివిల్స్ ప్రిలిమ్స్ పోయాక, అశోక్‌నగర్ హాస్టల్ గదిలో క్వశ్చన్ పేపర్ ముందేసుకుని ఒక్కో తప్పూ లెక్క చూసుకున్నాను. కటాఫ్‌కి నాలుగు మార్కులు తక్కువ. జాగ్రఫీలో తప్పు పెట్టినవి మూడు. వాటికి నెగెటివ్ కిందే రెండు మార్కులు పోయాయి, సరిగ్గా పెట్టుంటే వచ్చే ఆరు మార్కులు వేరే. ఆ మూడు టాపిక్‌లూ నా నోట్స్‌లో ఉన్నాయి. పచ్చ హైలైటర్‌తో గీతలు కూడా పెట్టుకున్నాను. ఆ సంగతి చూశాక రెండు రోజులు పుస్తకం తెరవలేకపోయాను.

మూడో రోజు నోట్స్ తీసి చూస్తే లోపం ఎక్కడుందో తెలిసింది. అమెజాన్ పేజీలో ఇలా ఉంది: ప్రపంచంలో అతిపెద్ద పరీవాహక ప్రాంతం. సెల్వాలు (అక్కడి దట్టమైన వర్షారణ్యాలు). సంవహన వర్షపాతం (వేడెక్కిన గాలి పైకి లేచి కురిసే వాన). నిస్సారమైన లాటరైట్ నేలలు. అన్నీ నిజాలే, కానీ ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం లేదు. ఇంత వాన పడి, ఇంత అడవి పెరిగే చోట నేల ఎందుకు సారం లేకుండా ఉంది? ఆ ప్రశ్న రెండేళ్లలో ఒక్కసారి కూడా నాకు రాలేదు. పరీక్షలో అడిగేది సరిగ్గా అలాంటి ప్రశ్నలే.

అందుకే మూడో అటెంప్ట్‌కి ఒక నిర్ణయం తీసుకున్నాను. ప్రపంచ భూగోళం మొత్తం పైపైన తిరగేయకుండా ఒక్క ప్రాంతాన్ని, అమెజాన్ పల్లాన్ని, మూడు వారాలు పట్టి చదవాలని. చిక్కడపల్లి లైబ్రరీలో నాతో పాటు కూర్చునే వాళ్లలో చాలామంది వద్దన్నారు. ‘దాన్నుంచి వస్తే ఒక్క ప్రశ్న వస్తుంది, మూడు వారాలు ఎందుకు?’ అన్నారు. వాళ్లు నా మంచి కోరే అన్నారు. కానీ ఆ మూడు వారాలే నా జాగ్రఫీని నిలబెట్టాయి. ఇప్పుడు ఆ సబ్జెక్టుతో తంటాలు పడుతున్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో ఒక స్కూల్ అట్లాస్ దొరికింది. అట్ట ఊడిపోయింది కానీ లోపల మ్యాపులు శుభ్రంగా ఉన్నాయి. దేశాల సరిహద్దులున్న పేజీ జోలికి వెళ్లకుండా, ఎత్తుపల్లాలు రంగుల్లో చూపించే పేజీ మీద ట్రేసింగ్ కాగితం పెట్టి దక్షిణ అమెరికా గీశాను. మొదటి వారం ఒక్క పేరు కూడా రాయలేదు. పడమట అంచున ఆండీస్, ఉత్తరాన గయానా ఉన్నతభూములు, దక్షిణాన బ్రెజిల్ పీఠభూమి. ఈ మూడింటి మధ్య తూర్పు వైపు మాత్రమే తెరుచుకున్న పల్లం. రోజూ పొద్దున చాయ్ తాగేలోపు చూడకుండా ఒకసారి గీసేదాన్ని, తర్వాత అట్లాస్‌తో పోల్చుకునేదాన్ని. నాలుగో రోజుకి చేతికి వచ్చేసింది. మిగతాదంతా ఆ గీతల మీదే కూర్చుంది.

రెండో వారం నీళ్ల దగ్గర మొదలుపెట్టాను. ఇక్కడే నాకు అసలైన ఆశ్చర్యం ఎదురైంది. పెరూలోని ఇక్విటోస్ నగరం అట్లాంటిక్ నుంచి నది దారిన సుమారు 3,600 కి.మీ. లోపల ఉంటుంది. అక్కడ నేల ఎత్తు సముద్రమట్టానికి 100 మీటర్లు అటూ ఇటూ, అంతే. మన హైదరాబాద్ 500 మీటర్ల పైన ఉంది. అంటే మనం కూర్చుని చదువుకునే ఈ ఊరు, ఖండంలో అంత లోపల ఉన్న ఆ నగరం కంటే ఐదు రెట్లు ఎత్తులో ఉంది. 100 మీటర్లను 3,600 కి.మీ.కి పంచి చూడండి, కిలోమీటరుకు మూడు సెంటీమీటర్ల వాలు కూడా రాదు. నా స్కేలు మీద మూడు సెంటీమీటర్లు కొలుచుకుని చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. ఆ నది ఎందుకు అన్ని వంకర్లు తిరుగుతుందో, వరదొస్తే పదుల కిలోమీటర్లు అడవిలోకి ఎందుకు పరుచుకుంటుందో, సముద్రపు పోటు ప్రభావం సుమారు 800 కి.మీ. లోపలున్న ఓబిడోస్ దాకా ఎలా తెలుస్తుందో, సముద్రంలో తిరిగే ఓడలు బ్రెజిల్ అడవి మధ్యనున్న మానౌస్ దాకా ఎలా వెళ్లగలుగుతున్నాయో, ఈ నాలుగింటికీ జవాబు ఆ మూడు సెంటీమీటర్లలోనే ఉంది. నాలుగు పాయింట్లు బట్టీ కొట్టే పని తప్పింది.

తర్వాత దిశ. అమెజాన్ శీర్షధారలు, అంటే నది మొదలయ్యే పాయలు, పసిఫిక్ తీరానికి 200 కి.మీ. లోపే ఆండీస్‌లో పుడతాయి. దగ్గర్లో ఉన్న సముద్రాన్ని వదిలేసి ఖండమంతా దాటి అట్లాంటిక్‌కి వెళ్తాయి. ఇది చదవగానే త్ర్యంబకం గుర్తుకు రావాలి. మన గోదావరి కూడా అరేబియా సముద్రానికి 80 కి.మీ. దూరంలో పుట్టి, 1,465 కి.మీ. నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. పడమటి కనుమలు చేసే పనే అక్కడ ఆండీస్ చేస్తోంది. తేడా ఒకటుంది. ఆండీస్ ఇంత ఎత్తుకు లేవకముందు ఆ పల్లంలో నీళ్లు ఎక్కువగా పడమర వైపే పోయేవి. కొండలు లేచి దారి మూసేశాక అక్కడ పెద్ద పెద్ద చిత్తడి నేలలు, సరస్సులు ఏర్పడ్డాయి. కొండల నుంచి వచ్చిన ఒండ్రు ఆ పల్లాన్ని నింపాక, సుమారు కోటి సంవత్సరాల క్రితం ప్రవాహం తూర్పుకు మళ్లింది. ఒక మహానది వెనక్కి తిరగడం! ఈ ముక్క తెలిశాక ఆండీస్ అంటే మ్యాప్ మీద గోధుమరంగు గీతగా నాకు మళ్లీ కనపడలేదు.

నీటి పరిమాణం మాత్రం ఎంత చదివినా తలకెక్కలేదు. సెకనుకు సుమారు 2 లక్షల ఘనపు మీటర్లు. రాసుకోవడం తేలికే, ఊహించుకోవడం ఎలా? ఆ పని నా రూమ్‌మేట్ చేసిపెట్టింది. తనది భద్రాచలం, గ్రూప్-2కి చదువుతోంది. ఒక రాత్రి ఈ అంకె నా నోట్స్‌లో చూసి, ‘అక్కా, దీన్ని క్యూసెక్కుల్లోకి మార్చు’ అంది. ఒక ఘనపు మీటరుకు 35 ఘనపుటడుగుల పైచిలుకు కాబట్టి 70 లక్షల క్యూసెక్కులు దాటింది. తను కాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘మా ఊళ్లో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మూడోది వచ్చిందంటే ఇళ్లు ఖాళీ చేయాల్సిందే అక్కా’ అంది. 1986 ఆగస్టు వరదలో అక్కడ నీళ్లు 75.6 అడుగులకు వచ్చాయి. ప్రవాహం దాదాపు 27 లక్షల క్యూసెక్కులు. వాళ్ల నాన్న ఇప్పటికీ గోడ మీద చెయ్యి పెట్టి ఎక్కడిదాకా వచ్చాయో చూపిస్తారట. 2022 జులైలో 71 అడుగులు దాటినప్పుడు తనే స్వయంగా చూసింది. ఆ 1986 వరదకు రెండున్నర రెట్లు నీళ్లు అమెజాన్‌లో సగటున, ఏడాది పొడవునా పోతూనే ఉంటాయి. ప్రపంచంలో నదులన్నీ సముద్రాల్లో కలిపే నీటిలో ఇంచుమించు ఐదో వంతు ఈ ఒక్క నదిదే. ఆ రాత్రి తర్వాత ఈ అంకెను నేను మళ్లీ రివిజన్ చేయలేదు, అవసరం పడలేదు.

ఇంత నీరు ఏడాది పొడవునా ఎలా వస్తుంది? పరీవాహక ప్రాంతం సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్లు, మన దేశానికి రెట్టింపు కంటే ఎక్కువ. అది భూమధ్యరేఖకు రెండు వైపులా ఉంది. వానల పట్టీ సూర్యుడితో పాటు ఉత్తరానికీ దక్షిణానికీ జరుగుతుంటుంది కాబట్టి మదీరా లాంటి దక్షిణ ఉపనదులు మార్చి, ఏప్రిల్ నెలల్లో నిండితే, నీగ్రో లాంటి ఉత్తర ఉపనదులు జూన్, జులైల్లో నిండుతాయి. ఒకవైపు తగ్గేసరికి ఇంకోవైపు అందుకుంటుంది. శీతోష్ణస్థితి గురించి ఇంతకంటే ఎక్కువ చదవక్కర్లేదు. నెలసరి సగటు ఉష్ణోగ్రతల మధ్య తేడా రెండు మూడు డిగ్రీలు, పగటికీ రాత్రికీ తేడా అంతకంటే ఎక్కువ, అది గుర్తుంటే చాలు.

నీళ్ల రంగుల మీద మాత్రం కొంచెం నిలబడండి. మానౌస్ దగ్గర రియో నీగ్రో నల్లటి నీళ్లూ, సొలిమోయిస్ (అమెజాన్ పై భాగానికి బ్రెజిల్‌లో పేరు) మట్టిరంగు నీళ్లూ కలుస్తాయి. కలుస్తాయి అనడం కూడా తప్పే, సుమారు 6 కి.మీ. పక్కపక్కనే విడివిడిగా పోతాయి. ఉష్ణోగ్రత, వేగం, సాంద్రత మూడూ వేరు కాబట్టి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర ఇరానీ హోటల్లో కూర్చున్నప్పుడు డికాక్షన్ ఒక గిన్నెలోంచి, పాలు ఇంకో గిన్నెలోంచి పోయడం చూస్తూ ఇది నాకు స్థిరపడిపోయింది. నీగ్రో నిజంగానే డికాక్షన్. ఇసుక నేలల అడవిలో రాలిన ఆకులు నాని నాని దిగిన కషాయపు రంగు అది. ఒండ్రు దాదాపు ఉండదు, ఆమ్లగుణం ఎక్కువ. సొలిమోయిస్ ఆండీస్ నుంచి వస్తుంది, కొత్త కొండల మట్టి మోసుకొస్తుంది. తపజోస్, షింగు లాంటి ఉపనదులు పాత బ్రెజిల్ పీఠభూమి నుంచి వస్తాయి, అక్కడ కొట్టుకుపోవాల్సిన మట్టి ఎప్పుడో పోయింది, అందుకే తేటగా ఉంటాయి. 1853లోనే ప్రకృతి శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ ఈ నదులను రంగును బట్టి మూడు రకాలుగా విడదీశాడు. నీటి రంగు చూసి అది ఏ కొండల నుంచి వచ్చిందో చెప్పగలిగితే మీకు నైసర్గిక స్వరూపం వచ్చేసినట్టే. మట్టి నీళ్లు ముంచే వరద మైదానాలు వార్జియా, అక్కడ పంటలు పండుతాయి. నల్ల నీళ్లు ముంచేవి ఇగపో, అక్కడ పండవు. వరద అందని మెట్ట టెరాఫిర్మె, అడవిలో ఎక్కువ భాగం అదే.

ఇప్పుడు నేను రెండేళ్లు అడగని ప్రశ్న. ఆ మెట్ట మీద నేల ఎందుకు సారం లేనిది? లక్షల సంవత్సరాలుగా వాన కరిగే పోషకాలన్నీ కడిగేసి, ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లను మిగిల్చింది. జహీరాబాద్ వైపు వెళ్తే కనిపించే ఎర్రటి లాటరైట్ అలా తయారైందే. మరి అడవి దేని మీద బతుకుతోంది? తన మీద తానే. ఆకు రాలుతుంది, వేడికీ తేమకీ త్వరగా కుళ్లుతుంది, పైపైనే పరుచుకున్న వేళ్లు వెంటనే పీల్చేసుకుంటాయి. సారమంతా చెట్లలోనే ఉంది, నేలలో లేదు. చెట్లు కొట్టి సాగు చేస్తే నాలుగైదేళ్లలో పంట ఎందుకు పడిపోతుందో దీంతో తెలిసిపోయింది. కొట్టుకుపోయే కాస్త ఫాస్ఫరస్ లోటు కూడా విచిత్రంగా తీరుతోంది. ఆఫ్రికాలో చాద్ దేశపు బొడెలె పల్లం నుంచి లేచే సహారా ధూళి అట్లాంటిక్ దాటి వచ్చి ఇక్కడ పడుతుంది. ఉపగ్రహ సమాచారంతో 2015లో వేసిన అంచనా ప్రకారం ఏటా దాదాపు 22 వేల టన్నుల ఫాస్ఫరస్ అలా చేరుతోంది. ఎండిపోయిన ఒక సరస్సు అడుగు మట్టి, సముద్రం అవతలి అడవికి ఎరువు!

వాన కూడా అంతే. అట్లాంటిక్ నుంచి వచ్చిన తేమ ఒకసారి కురిసి ఊరుకోదు. చెట్లు దాన్ని మళ్లీ ఆవిరిగా పైకి పంపుతాయి, గాలి ఇంకా పడమటికి తోస్తుంది, మళ్లీ కురుస్తుంది. అక్కడి వానలో సుమారు సగం ఇలా తిరిగి వచ్చిన నీరేనని బ్రెజిల్ శాస్త్రవేత్త ఎనియాస్ సలాటి 1970లలో నీటిలోని ఐసోటోపులను (ఒకే మూలకంలో బరువు వేరుగా ఉండే పరమాణువులను) పరిశీలించి చూపించాడు. చివరికి ఆ తేమ ఆండీస్ గోడకు తగిలి దక్షిణానికి మళ్లుతుంది. వీటినే ఎగిరే నదులు అంటున్నారు. తూర్పున చెట్లు కొట్టేస్తే పడమటి వాన తగ్గుతుందనే భయం ఇక్కడి నుంచే వచ్చింది. 2023, 2024 కరువుల్లో మానౌస్ దగ్గర నీగ్రో రికార్డు స్థాయికి పడిపోయిందన్న వార్త కరెంట్ అఫైర్స్‌లో వచ్చినప్పుడు, దాన్ని అంటించడానికి నా దగ్గర గోడ ఉంది. ఇంతకుముందు అలాంటి వార్తలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక టెన్షన్ పడేదాన్ని.

మూడో వారం చివర, ఒక టెస్ట్ సిరీస్‌లో ఆఫ్రికాలోని కాంగో నది మీద ప్రశ్న వచ్చింది. నేను కాంగో చదవలేదు. అమెజాన్ మ్యాప్ పక్కన కాంగో గీసుకుని తేడా ఎక్కడ అని వెతికాను. కాంగో భూమధ్యరేఖను రెండుసార్లు దాటుతుంది కాబట్టి దాని ప్రవాహంలో హెచ్చుతగ్గులు తక్కువ. కానీ దానికి వాలు చివర్లో ఉంది. కిన్షాసా నగరం నుంచి సముద్రానికి దగ్గర్లోని మటాడి రేవు దాకా సుమారు 350 కి.మీ.లో 270 మీటర్లు దూకుతుంది. అందుకే సముద్రపు ఓడ మటాడి దగ్గరే ఆగిపోతుంది. విద్యుత్తుకు మాత్రం అది బంగారం లాంటి చోటు. మూడు వారాలు అమెజాన్ మీద పెట్టిన నేను కాంగోకి ఒక్క సాయంత్రం పెట్టాను, సరిపోయింది.

ఈసారి ప్రిలిమ్స్ గట్టెక్కాను. మెయిన్స్ రాసి ఫలితం కోసం చూస్తున్నాను. మా రూమ్‌మేట్‌కి గ్రూప్-2లో ఇవన్నీ అక్కర్లేదు, అయినా ఆ ట్రేసింగ్ కాగితం తీసుకుని గోదావరి గీయడం మొదలుపెట్టింది. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి ఎక్కడెక్కడ కలుస్తాయో చూడకుండా పెడుతోంది. నిన్న శబరిని భద్రాచలానికి పైన పెట్టి, తనే నాలుక కరుచుకుని కిందికి దించింది.