బారూకుకి వచ్చిన వాగ్దానం

డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక బుట్టలోంచి బైబిలు వాక్యం రాసిన వాగ్దానం కార్డు తీసుకుంటాం కదా. "తలగా నియమించునుగాని తోకగా నియమింపడు" అని వస్తే ఇల్లంతా సంబరం, తెల్లారేసరికి అందరి స్టేటస్‌లోనూ అదే. యిర్మీయా 45:5 ఉన్న కార్డు మాత్రం ఇన్నేళ్లలో నాకు రాలేదు, ఎవరికైనా వచ్చిందని వినలేదు. "నీ నిమిత్తము నీవు గొప్పవాటిని వెదకుచున్నావా? వెదకవద్దు." ఇది కూడా దేవుడు ఒక మనిషికి పేరు పెట్టి పిలిచి ఇచ్చిన మాటే.

ఆ మనిషి బారూకు. నేరీయా కొడుకు, మహసేయా మనవడు. అదే నేరీయాకి పుట్టిన శెరాయా తర్వాతి రోజుల్లో సిద్కియా రాజు వెంట బబులోను వెళ్లిన అధికారి అని యిర్మీయా 51:59 చెబుతుంది. అంటే తోడబుట్టినవాడు రాజు కొలువులో పైకొచ్చాడు. బారూకుకి చదువుంది, చేతిలో కలం ఉంది. తనూ ఆ దారిలోనే పోవచ్చు. పోకుండా, మందిరంలోకి వెళ్లడానికి వీల్లేని యిర్మీయా ప్రవక్త ఎదురుగా కూర్చుని, ఆయన నోట పలికిందంతా సిరాతో రాస్తున్నాడు. ఆ గ్రంథపు చుట్టలో తన సొంత మాట ఒక్కటీ లేదు. మూలిగి మూలిగి అలసిపోయాను, నాకు నెమ్మది దొరకలేదు అని లోపల అనుకున్నాడు. పైకి అన్నట్టు లేదు. దేవుడు విన్నాడు.

ఐదో వచనం ఒక్కటే చదివితే గద్దింపులా ఉంటుంది. నాలుగోది కలిపి చదవండి. నేను కట్టినదాన్ని నేనే పడగొడుతున్నాను, నేను నాటినదాన్ని నేనే పెళ్లగిస్తున్నాను అంటున్నాడు. యూదా దేశం ఆయన నాటుకున్న తోట. దాన్ని తన చేత్తోనే పెరికేయాల్సి వచ్చిన తండ్రి, పక్కనున్న బిడ్డ వైపు తిరిగి, ఇలాంటి వేళ నీకోసం గొప్పవి వెతుక్కుంటున్నావా నాన్నా అని అడుగుతున్నట్టు నాకు వినిపిస్తుంది. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పు అడిగాడట ఒకడు అంటారు మన పెద్దలు. నా ప్రార్థనల్లో చాలావాటిని ఆయన అలాగే విని ఉంటాడు.

నేను మా వైపు సువార్త సభల్లో ఇంగ్లీషు ప్రసంగాలకి తర్జుమా చేస్తాను. ఒక ఏడు సభల ఫ్లెక్సీ మీద ప్రసంగీకుడు, పాస్టరు గారు, కమిటీవాళ్లు, సౌండ్ బాక్సులు ఇచ్చినాయన, అందరి ఫొటోలూ ఉన్నాయి. నా పేరు లేదు. బండి ఆపి పైనుంచి కింద దాకా రెండుసార్లు చూశాను. తర్వాతి ఏడు పిలిస్తే సెలవు దొరకదన్నాను. సెలవు ఉంది. నా బదులు ఒక కుర్రాడు చేశాడు. వెనక వరసలో కూర్చుని విన్నాను. రెండు మూడు చోట్ల తడబడ్డాడు. అయినా పిలుపు ఇచ్చేసరికి జనం ఎప్పటిలాగే ఏడుస్తూ ముందుకి వచ్చారు. నాకు సంతోషం కలగలేదు. ఆత్మలు రక్షణలోకి వస్తుంటే నా గుండెలో ముల్లు గుచ్చుకుంది. ఆ రాత్రి ఇంటికి వచ్చి మోకరించాను గానీ నోట మాట రాలేదు.

తర్వాత యిర్మీయా 36ని ఈ 45తో కలిపి చదివాను. 'వెదకవద్దు' అన్న మాట యూదా రాజు యెహోయాకీము ఏలిన నాలుగో సంవత్సరంలో వచ్చింది. బారూకు రాసిన చుట్ట కాలిపోయింది ఐదో సంవత్సరం తొమ్మిదో నెలలో. చలికాలం, రాజు ముందు కుంపటి మండుతోంది. చదవడానికి రాజు పెట్టిన యెహూది మూడు నాలుగు పుటలు చదవగానే రాజు చాకుతో కోసి నిప్పులో వేయడం, మళ్లీ చదవడం, మళ్లీ వేయడం. బారూకు రాసిందంతా బూడిదైపోయింది. దాని కోసమే దేవుడు ముందుగా అతని లోపలి నుంచి ఆ ఆశ తీసేశాడని నా నమ్మకం. పేరు కోసం రాసినవాడైతే రెండోసారి కలం పట్టేవాడు కాదు. ఇతను ఇంకో చుట్ట తీసుకుని మొదటినుంచి రాశాడు, అలాంటి మాటలు ఇంకా ఎన్నో దానికి చేరాయి. ఈసారి మూలిగినట్టు ఎక్కడా లేదు.

అన్నలారా, అక్కలారా, ప్రార్థన చివర "నీ చిత్తమే జరుగును గాక" అంటాం. సంఘ ఎన్నికల్లో నాలుగు ఓట్లు తగ్గితే వచ్చే ఆదివారానికి ఇంకో సంఘం వెతుక్కుంటాం. పాట నాకివ్వలేదని క్వయర్ మానేస్తాం. పరిచర్య అని పేరు పెట్టుకున్నంత మాత్రాన మన పట్టుదల దేవునిది అయిపోదు. దయచేసి ఆ ఐదు వచనాల అధ్యాయం ఒకసారి మోకాళ్ల మీద చదవండి. చివర ఆయన ఇచ్చింది ప్రాణం, దోపుడుసొమ్ము దొరికినట్టుగా. యెరూషలేము కాలిపోయింది, రాజభవనం కాలిపోయింది, ఐగుప్తుకి వెళ్లినవాళ్లలో బారూకు ప్రాణంతో ఉన్నాడు.

మొన్న సభలకి మళ్లీ పిలిచారు, ఒప్పుకున్నాను. మెయిన్ రోడ్డు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టారట. మూడు రోజులూ వెనక సందులోంచే మైదానానికి వెళ్లాను. చూస్తే మళ్లీ వెతుక్కుంటానేమోనని భయం.