నల్లా నీళ్లు వచ్చిన తర్వాత కూడా

ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాల్లో ఒక శనివారం తెల్లవారుజామునే మహబూబ్‌నగర్ నుంచి జీపులో బయలుదేరాం. మా చర్చి స్త్రీల సమాజం వాళ్లం కొందరం, సాయానికి ఇద్దరు యవ్వనస్థులు. వెళ్లాల్సింది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంకరపోయే ఫ్లోరోసిస్‌తో మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు ఏళ్లుగా తిరుగుతూ, వాళ్ల ఒళ్లు తుడిచి, పుండ్లు కడిగే ఒక అక్క అక్కడ ఉంది. నర్సుగా పనిచేసి రిటైరైంది. ఆమె దగ్గర ఆ పని నేర్చుకుందామని మా ఆశ. మా పాలమూరు పల్లెల్లోనూ కొడుకులు, కోడళ్లు ముంబైకో పూణేకో వలస పోతే, ఇంట్లో మంచం పట్టిన ముసలివాళ్లను పక్కకు తిప్పే దిక్కుండదు.

జడ్చర్ల దాటుతున్నప్పుడు అక్కడి మెన్నొనైట్ బ్రదరెన్ (ఎం.బి.) క్రైస్తవ మిషన్ ఆసుపత్రి, ఎం.బి. మెడికల్ సెంటర్ గురించి మాట్లాడుకున్నాం. మా సమాజంలో చాలామంది కాన్పులు అక్కడే అయ్యాయి. కల్వకుర్తిలో టీ తాగాం. అక్కడి నుంచి దేవరకొండ వైపు రోడ్డు పొడవునా ఎండు పత్తి కట్టె, మధ్య మధ్య ఎర్రగా పూసిన మోదుగులు.

దేవరకొండ రాగానే నాకు కాథరినా షెలెన్‌బర్గ్ గుర్తొచ్చారు. మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ తరఫున ఈ దేశానికి వచ్చిన తొలి డాక్టరమ్మ ఆవిడ. 1907లో వచ్చి నాగర్‌కర్నూల్‌లో, దేవరకొండలో, శంషాబాద్‌లో వైద్యం చేసి, 1945లో శంషాబాద్‌లోనే కన్నుమూశారు. మన ప్రాంతంలో ఆడవాళ్లకు ఆడ డాక్టరు దొరకడమే గగనమైన రోజులవి. మా సండే స్కూల్లో ఆమె పేరు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది.

కొండమల్లేపల్లి దగ్గర హైదరాబాద్ రోడ్డెక్కి, చింతపల్లి మీదుగా మర్రిగూడ చేరేసరికి ఎండ ముదిరింది. ఈ మండలం, చుట్టుపక్కల చండూరు, మునుగోడు, నాంపల్లి పేర్లు వినగానే తెలంగాణలో ఎవరికైనా వంకర తిరిగిన కాళ్లే కళ్ల ముందుకొస్తాయి. ఇక్కడి గ్రానైటు రాళ్లలోనే ఫ్లోరైడ్ ఉంది. బావులెండి బోర్లు లోతుకు పోయిన కొద్దీ, రాతిలో ఎన్నాళ్లుగానో నిలిచిన నీళ్లే గొంతులోకి దిగాయి. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. ఇక్కడి బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. కాచి తాగినా లాభం లేదు, నీళ్లు తగ్గుతాయే గాని ఫ్లోరైడ్ పోదు. పటిక, సున్నం కలిపి దాన్ని తేర్చే పద్ధతికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి పెట్టిన పేరు 'నల్గొండ టెక్నిక్'. తమ బాధ దేశం చూడాలని 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. అప్పట్లో పేపర్లో చదివి ఆశ్చర్యపోయాం గాని, ఆ ఇళ్లలోకి అడుగు పెట్టాకే దాని వెనక ఎంత బాధ ఉందో నాకు తెలిసింది.

ఇప్పుడు మిషన్ భగీరథ నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. అది నిజంగా గొప్ప మేలు. కానీ నీళ్లు మారినంత మాత్రాన బిగుసుకుపోయిన వెన్ను సాగదు. పేపర్లలో ఈ సమస్య గతమైపోయింది. మంచంలో ఉన్న మనిషికి అది రోజూ ఉంది. అక్క పనంతా ఈ మిగిలిపోయినవాళ్ల కోసమే.

మేం మొదట వెళ్లింది ఒక పెద్దమ్మ ఇంటికి. మోకాళ్లు ముడుచుకుపోయాయి, మెడ తిరగదు. కొడుకూ కోడలూ హైదరాబాద్‌లో మేస్త్రీ పనికి పోతారు. ఇద్దరు మనవళ్లు ఆమె దగ్గరే ఉండి బడికి పోతున్నారు. మమ్మల్ని చూడగానే ఆమె వాళ్లను దగ్గరికి పిలిచింది. "మా పోరగాండ్ల పండ్లు చూడు బిడ్డా, తెల్లగ ఎట్లున్నయో" అంది. పిల్లలు సిగ్గుపడుతూనే నోరు తెరిచి చూపించారు. ఆమె పళ్లు మాత్రం గోధుమ రంగు చారలతో పెచ్చులూడి ఉన్నాయి.

"ముందు చేతులు కడుక్కోండ్రి" అంది అక్క. మాతో వచ్చిన మగపిల్లలను బయటికి పంపి, దూలానికి వేలాడదీయడానికి మంచి తాడు చూడమంది. పెద్దమ్మ అది పట్టుకుని కొద్దిగా లేవగలిగితే నడుముకు గాలి తగులుతుంది. తర్వాత రెండు బేసిన్లలో గోరువెచ్చని నీళ్లు, ఒకటి సబ్బుకు, ఇంకొకటి ఉత్తవి. ముఖానికి వేరే గుడ్డ. ఒంటి మీద దుప్పటి కప్పే ఉంచి, తుడిచే భాగం మాత్రమే బయటికి తీయాలి. కాలు చాపడానికి మాలో ఒకామె చెయ్యి వేస్తే అక్క ఆపింది. "గుంజొద్దు. ఎముక పెళుసైంది. ఆమె ఎట్ల పండుకుంటే మనమే అట్ల ఒంగాలె." తుంటి మీద ఎర్రగా కమిలిన చోట రుద్దకూడదని, దుప్పటిలో ముడత కూడా ఉండకూడదని, రెండు గంటలకోసారి పక్క మార్చాలని చూపిస్తూ చెప్పింది. అక్క లేనప్పుడు పక్క మార్చేది పొరుగింటి కోడలు. ఆ అమ్మాయికీ ఇవన్నీ నేర్పింది. నాకు అన్నిటికంటే నచ్చిన పని అదే. సేవ చేసే మనిషి రాని రోజు కూడా ఆ మంచం దగ్గర పని జరగాలి కదా.

స్నానం అయ్యాక జరిగింది మాత్రం నేను మరచిపోలేను. పెద్దమ్మ తల దువ్వి జడ వేశాక, అక్క గూట్లో యాదగిరి నరసింహస్వామి పటం పక్కనున్న కుంకుమ భరిణె తీసి, ఆమె నుదుట బొట్టు పెట్టింది. మా గుంపులో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. మన క్రైస్తవ సంఘాల్లో బొట్టు పెట్టుకోరు. అది ఎంత పెద్ద మాటో చదివేవాళ్లకు వేరే చెప్పక్కరలేదు. బయటికి వచ్చాక మాలో పెద్దామె అడిగేసింది. "అక్కా, నువ్వే పెట్టినవేంది?"

"నేను తుడిస్తెనే కద పోయింది. ఆమె మొఖం ఆమె లెక్కనే ఉండాలె" అంది అక్క.

"మరి ప్రభువు గురించి చెప్పవా?"

"అడిగితే చెప్తా. ప్రార్థన చెయ్యమంటే చేస్తా. అడగనందుకు నీళ్లు తక్కువ పొయ్యను."

తిరుగు ప్రయాణంలో కల్వకుర్తి దాకా దీని మీదే వాదన. బొట్టు పెట్టడం సాక్ష్యానికి మచ్చ అని కొందరు బాధపడ్డారు. వాళ్ల భక్తి మీద నాకు అనుమానం లేదు. కానీ నేను అక్క వైపే మాట్లాడాను. ప్రభువు బాగుచేసిన పదిమంది కుష్ఠు రోగుల్లో తిరిగి వచ్చి కృతజ్ఞత చెప్పింది ఒక్కడే. మిగతా తొమ్మిదిమంది స్వస్థతను ఆయన వెనక్కి తీసుకోలేదు. వచ్చినవాడు సమరయుడు, అంటే పరాయివాడు. మంచం మీద కదల్లేని మనిషి మన మాటను కాదనలేడు. కాదనలేని స్థితిలో ఉన్నవాళ్ల దగ్గర అవునని అనిపించుకోవడం సువార్త కాదని నా గట్టి నమ్మకం. దుప్పట్లు పంచుతూ ఫోటోలు దిగడం కూడా అందుకే నాకు నచ్చదు. అక్క తిరిగిన ఏ ఇంట్లోనూ ఒక్క ఫోటో తీయనివ్వలేదు. ఆ మాట మీద జీపులో అందరం ఒక్కటయ్యాం.

ఇంకో ఇంట్లో నా వయసువాడే ఒక తమ్ముడు ఉన్నాడు. మాటకారి. మంచంలోంచే సెల్‌ఫోన్ రీఛార్జులు చేస్తాడు. అతనికి మా జాలి అక్కర్లేదు. మధ్యలో రంధ్రం ఉండి, తన పొట్టి కాళ్లకు అందే ఎత్తులో ఒక కుర్చీ కావాలి, అంతే. దొడ్డికి పోవడానికి ఇంకొకళ్ల చేతుల మీద ఆధారపడటం తనకు అన్నిటికంటే కష్టంగా ఉందన్నాడు. మా యవ్వనస్థులిద్దరిలో ఒకడు వడ్రంగం తెలిసినవాడు. అక్కడే కొలతలు రాసుకున్నాడు.

మహబూబ్‌నగర్ చేరాక ఆదివారం ఆరాధన తర్వాత కూర్చుని పని పంచుకున్నాం. మొదట మూడు ఇళ్లు, ఇంటికి ఇద్దరు ఆడవాళ్లు. ఆ ఇళ్లలో రెండు మన సంఘానివి కావు. బేసిన్లు కొన్నాం, పాత నూలు చీరలు ఉతికి చింపి పెట్టాం. జీపులో బొట్టు మీద అందరికంటే గట్టిగా వాదించిన పెద్దామె ఆ రెండు ఇళ్లలో ఒకటి తనకే కావాలని అడిగి తీసుకుంది. కుర్చీకి టేకు చెక్క దొరికింది. పండక్కి ముందే మర్రిగూడకు చేర్చాలని పిల్లలు పని మొదలుపెట్టారు.